మేక వెన్నుపాములో నాడీకణాన్ని కళ్లారా చూడటం ఎలా?

నాడీకణం బొమ్మ మీరు పదో తరగతి నుంచీ వేస్తున్నదే. నక్షత్రం ఆకారంలో కణదేహం, చుట్టూ కొమ్మలు కొమ్మలుగా డెండ్రైట్లు, ఒక వైపు తోకలా సాగిన ఆక్సాన్, దాని మీద వరసగా మయలిన్ తొడుగులు. ఇంత బాగా తెలిసిన కణాన్ని ప్రాక్టికల్ రోజున మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం చాలామంది పావుగంట సేపు స్లైడు అటూ ఇటూ జరిపి, "సార్, ఇందులో న్యూరాన్ కనబడట్లేదు" అంటారు. కణం అక్కడే ఉంటుంది. వాళ్లు వెతికేది పుస్తకంలోని బొమ్మ కోసం. ఆ బొమ్మ ఏ ఒక్క స్లైడులోనూ దొరకదు. రకరకాల రంగులు వేసిన స్లైడుల్లో విడివిడిగా చూసినవన్నీ కలిపి గీసిన బొమ్మ అది.

అందుకే ల్యాబులో పిల్లలకి ముందుగా రెడీమేడ్ స్లైడు ఇవ్వను. మేక వెన్నుపాము తెప్పించి వాళ్ల చేతే స్మియర్, అంటే గాజు మీద పలచగా పరిచిన కణజాలం పొర, చేయిస్తాను. ఒక్కసారి తన చేత్తో రంగు వేసి చూసిన విద్యార్థి, తర్వాత ఏ స్లైడు ఇచ్చినా "దీనికి ఏ స్టెయిన్ వేశారు సార్?" అని ముందు అడుగుతాడు. నాడీ కణజాలం చదవడంలో సగం పని ఆ ప్రశ్న అడగడమే. బీఎస్సీ జువాలజీ వాళ్లకీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాది వాళ్లకీ, జూనియర్ కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించే లెక్చరర్లకీ పనికొచ్చేలా ఆ పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు సామాను సిద్ధం చేసుకోండి

శుభ్రమైన గాజు స్లైడులు ఓ పది, కవర్‌స్లిప్పులు, కొత్త బ్లేడు, సన్నటి ఫోర్సెప్స్, రెండు సూదులు, గ్లవుజులు, మెథనాల్, 70 శాతం ఆల్కహాల్, 0.9 శాతం ఉప్పునీళ్లు అంటే నార్మల్ సెలైన్, నీళ్లు పోసిన రెండు బీకర్లు. రంగు కోసం టొలుయిడిన్ బ్లూ అర గ్రాము 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి. అది లేకపోతే 1 శాతం మెథిలీన్ బ్లూ చాలు. వడకట్టడం మాత్రం మానకండి. కరగని రంగు రేణువులు స్లైడు మీద పడితే అవే ఏవో కణికలనుకుని బొమ్మలు వేసేస్తారు.

మెథనాల్ విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది. కిటికీలు తీసి ఉంచండి, దగ్గరలో బర్నర్ వెలిగించకండి.

కణజాలం తాజాగా ఉండాలి, ఫ్రిజ్‌ది వద్దు

మటన్ దుకాణంలో వెన్నుపాము అని అడిగితే అర్థం కాకపోవచ్చు, ఒక్కోసారి మూలగ ఇస్తారు. ఎముక గొట్టంలో ఉండే మూలగ వేరు, ఇది వేరు. వెన్నుపూసల మధ్య బోలులోంచి వచ్చే తెల్లటి మెత్తని తాడు కావాలని చెప్పండి. మేకని నిలువునా రెండుగా చీల్చేటప్పుడు అది బయటపడుతుంది. నుజ్జు కాకుండా తీసివ్వమని ముందు రోజే చెప్పి ఉంచితే మేలు. మెడ కింది భాగం, నడుము భాగం కావాలని అడగండి. ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ పోయే నాడులు అక్కడ బయల్దేరతాయి, కాబట్టి ఆ రెండు చోట్లా వెన్నుపాము కొంచెం లావుగా ఉంటుంది, కండరాలని కదిలించే పెద్ద మోటార్ న్యూరాన్లు అక్కడే ఎక్కువ.

తెల్లవారుజామున కోసిన మేకదైతే ఉదయం పదింటికల్లా స్మియర్ అయిపోవాలి. నాడీ కణజాలం చాలా త్వరగా చెడుతుంది. తెచ్చేటప్పుడు డబ్బాలో సెలైన్ పోసి, ఆ డబ్బాని ఐసు ముక్కల మధ్య పెట్టుకుని తీసుకురండి. గడ్డకట్టనివ్వకూడదు. మొదటిసారి నేనీ ప్రాక్టికల్ పెట్టినప్పుడు ముందు రోజే సరుకు తెచ్చి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. మర్నాడు ముప్పై మంది పిల్లలు ముప్పై స్లైడులు చేస్తే ఒక్కదాంట్లోనూ సరైన కణం లేదు. గడ్డకట్టేటప్పుడు ఏర్పడిన మంచు పలుకులు కణాలన్నిటినీ లోపలి నుంచి చీల్చేశాయి. ఆ రోజు వాళ్ల మొహాలు చూశాక మళ్లీ ఎప్పుడూ ఫ్రీజర్ జోలికి పోలేదు.

గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి. మిగిలిన ముక్కలు మామూలు చెత్తబుట్టలో వేయకండి, ల్యాబులో జీవ వ్యర్థాల కోసం పెట్టిన పసుపు సంచీలో వేయాలి.

ఏ ముక్క తీయాలి? ఇక్కడే అందరూ తప్పుతారు

వెన్నుపామును బ్లేడుతో అడ్డంగా కోయండి, కాస్త మందపాటి చక్రంలా. కోసిన ముఖం మీద ఒక చుక్క సెలైన్ వేసి వెలుతురులో చూడండి. మధ్యలో సీతాకోకచిలుక రెక్కల్లా కొంచెం ముదురుగా కనిపించేది బూడిద రంగు పదార్థం. చుట్టూ ఉన్న తెల్లనిది తెలుపు పదార్థం. కణదేహాలు బూడిద భాగంలో ఉంటాయి. తెలుపు భాగంలో ఉండేవి మయలిన్ తొడుగులున్న ఆక్సాన్ల కట్టలు, ఆ తెలుపు మయలిన్‌లోని కొవ్వుదే.

సీతాకోకచిలుకకి రెండు జతల రెక్కలుంటాయి కదా. లావుగా, మొద్దుగా ఉండి అంచుదాకా రానివి ముందు కొమ్ములు. సన్నగా సాగి దాదాపు అంచుని తాకేవి వెనక కొమ్ములు. మేక నిలబడే తీరును బట్టి చెప్పాలంటే ముందు కొమ్ములు పొట్ట వైపు, వెనకవి వీపు వైపు. ఇంకా అనుమానంగా ఉంటే ముక్క అంచు చూడండి: ఒక వైపు లోతైన చీలిక, దాని మొదట్లో రక్తనాళం కనిపిస్తే అదే పొట్ట వైపు.

మీకు కావలసింది ముందు కొమ్ము. ఫోర్సెప్స్ కొసతో అక్కడి నుంచి ఆవగింజంత ముక్క తీయండి. ఆవగింజ అన్నానంటే ఆవగింజే. శనగగింజంత తీస్తే స్మియర్ మందమైపోయి అంతా నీలం ముద్దలా కనిపిస్తుంది. తెలుపు భాగం తీసినవాళ్లకి కణాలు కనిపించవు, పీచులూ నూనె బొట్లలాంటి గుండ్రాలూ మాత్రమే కనిపిస్తాయి. ఆ బొట్లు చిరిగిన మయలిన్‌వి.

స్మియర్ చేయడం

ముక్కని స్లైడు మధ్యలో పెట్టి, దాని మీద రెండో స్లైడు బోర్లించండి. బొటనవేలితో ఒక్కసారి మెత్తగా, నిదానంగా నొక్కండి. రుద్దకండి. ముక్క రూపాయి బిళ్లంత పరుచుకున్నాక, రెండు స్లైడుల్నీ ఒకదాని మీంచి ఒకటి జారుస్తూ విడదీయండి. రెండింటి మీదా పలచటి పొర నిలుస్తుంది. ఒక ముక్కకి రెండు స్మియర్లు.

పొర పూర్తిగా ఆరకముందే, తడి మెరుపు ఇంకా ఉండగానే మెథనాల్‌లో ముంచండి. ఐదు నిమిషాలు. మెథనాల్ కణాలని గాజుకి అతుక్కునేలా చేస్తుంది, కొంత కొవ్వునీ కరిగించి వెనకాల తేట చేస్తుంది. ఫ్యాన్ కింద ఆరబెట్టి తర్వాత ముంచితే కణాలు ఎండి ముడుచుకుంటాయి.

రంగు వేయడం, కడగడం

స్మియర్ మీద టొలుయిడిన్ బ్లూ చుక్కలు పోసి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. రంగులో ఒకటి రెండు చుక్కల అసిటిక్ ఆమ్లం కలిపితే వెనక భాగం పెద్దగా రంగు పట్టకుండా కణాలు తేటగా కనిపిస్తాయి. తర్వాత స్లైడుని నీళ్ల బీకర్లో రెండు మూడు సార్లు మెల్లగా ముంచి తీయండి. కుళాయి కింద పెట్టకండి, ధారకి పొరంతా కొట్టుకుపోతుంది. ఇంకా ముదురుగా ఉంటే 70 శాతం ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచి, తీసి, మైక్రోస్కోప్‌లో చూసి, కావాలంటే మళ్లీ ముంచండి. రంగు దింపడంలోనే ఉంది నేర్పంతా. ఎక్కువ దింపితే మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

చుక్క గ్లిజరిన్ వేసి కవర్‌స్లిప్ ఓరగా దించండి, గాలి బుడగలు చిక్కకుండా.

నీలం రంగు పట్టేది దేనికి? టొలుయిడిన్ బ్లూ, మెథిలీన్ బ్లూ క్షార స్వభావమున్న రంగులు, కేంద్రకామ్లాలకి అంటుకుంటాయి. న్యూరాన్ రాత్రింబవళ్లు ప్రోటీన్లు తయారుచేసే కణం. ఒంటినిండా రైబోజోములతో నిండిన గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం పొరలు పొరలుగా పేర్చి ఉంటుంది. రైబోజోముల్లో ఆర్‌ఎన్‌ఏ, ఆ ఆర్‌ఎన్‌ఏకి నీలం. అలా నీలం ముద్దలుగా కనిపించేవే నిస్సల్ కణికలు. జర్మనీలో ఫ్రాంజ్ నిస్సల్ అనే వైద్య విద్యార్థి 1884 ప్రాంతంలో ఈ తరహా రంగులు వాడి వాటిని బయటపెట్టాడు. మీరు ఈ రోజు ల్యాబులో చేస్తున్నది ఇంచుమించు ఆ పనే.

ఇప్పుడు చూడండి, తొందరపడకుండా

మొదట 4 రెట్లు పెద్దగా చూపే ఆబ్జెక్టివ్ కటకంతో స్లైడంతా తిరగండి. దుమ్ములా చల్లినట్టున్న చిన్న నీలి చుక్కల మధ్య అక్కడక్కడా పెద్ద నీలి మచ్చలు కనబడతాయి. చిన్న చుక్కలు గ్లియా కణాల, అంటే న్యూరాన్లకి ఆసరాగా ఉండే కణాల, కేంద్రకాలు. పెద్ద మచ్చ దగ్గర ఆగి 10కి, తర్వాత 40కి మారండి.

40 కింద ఆ మచ్చ ఒక కణంగా విచ్చుకుంటుంది. మూలలు మూలలుగా సాగిన నీలం ఒళ్లు. నడిమధ్యన గుండ్రంగా, పాలిపోయినట్టున్న పెద్ద కేంద్రకం. దాని మధ్యలో ఒకే ఒక్క ముదురు చుక్క, నుదుట బొట్టు పెట్టినట్టు. అది కేంద్రకాంశం, న్యూక్లియోలస్. లేత కేంద్రకం, అందులో ముదురు బొట్టు కనిపించాయా, మీరు న్యూరాన్‌ని చూస్తున్నట్టే. మిగతా గుర్తులన్నీ దీని తర్వాతే. కేంద్రకం పాలిపోయి ఉండటానికి కారణం ఉంది: డీఎన్‌ఏ చుట్టలు విప్పుకుని పనిలో ఉంది, కాబట్టి రంగు ఒకచోట గుమిగూడదు. రైబోజోముల భాగాలు తయారయ్యే చోటు న్యూక్లియోలస్, కాబట్టి అది ముదురుగా, పెద్దగా ఉంటుంది.

ఈ చిన్న బొట్టు పక్కనే ఒక పెద్ద సంగతి బయటపడింది. 1949లో కెనడాలో ముర్రే బార్, ఎవార్ట్ బెర్‌ట్రామ్ పిల్లుల నాడీకణాలు పరీక్షిస్తూ, ఆడ పిల్లుల కణాల్లో న్యూక్లియోలస్‌ దగ్గర ఇంకో చిన్న ముదురు చుక్క ఉండటం, మగ పిల్లుల్లో లేకపోవడం గమనించారు. అదే మీరు జెనెటిక్స్‌లో చదివే బార్ బాడీ, ఆడ కణంలో పని ఆపేసి ముడుచుకున్న ఎక్స్ క్రోమోజోము. వాళ్లు వెతుకుతున్నది అది కాదు, నాడీకణం అలసిపోతే ఎలా మారుతుందో చూడాలని కూర్చున్నారు.

మళ్లీ మన కణానికి వద్దాం. నిస్సల్ కణికలు చూడండి. మోటార్ న్యూరాన్‌లో అవి పెద్ద పెద్ద ముక్కలుగా పులి మచ్చల్లా ఉంటాయి. డెండ్రైట్ల మొదళ్లలోకి కూడా చొరబడతాయి. ఇప్పుడు ఫైన్ ఫోకస్ కొద్దికొద్దిగా తిప్పుతూ ఒక్కో కొమ్మ మొదలూ పరీక్షించండి. ఒక్క చోట మాత్రం నీలం హఠాత్తుగా ఆగిపోయి, తేటగా ఉన్న చిన్న త్రికోణం కనిపిస్తే అది ఆక్సాన్ హిల్లాక్, ఆక్సాన్ బయల్దేరే గుట్ట. అక్కడా, ఆక్సాన్‌లోనూ నిస్సల్ కణికలు ఉండవు. డెండ్రైట్ ఏదో ఆక్సాన్ ఏదో తేల్చేది ఈ ఒక్క గుర్తే. పొడుగు చూసి చెప్పకండి, స్మియర్‌లో కొమ్మలు ఎక్కడో అక్కడ తెగిపోతాయి. హిల్లాక్ ప్రతి కణంలోనూ దొరకదు, పది కణాలు వెతికితే ఒకదాంట్లో దొరకొచ్చు. దొరికిన రోజు పిల్లలు పక్క టేబుల్ వాళ్లని కూడా పిలిచి చూపిస్తారు.

కొలత కూడా వేయండి. ఐపీస్ మీద 10 పక్కన 18 అని ఉంటే, 40 ఆబ్జెక్టివ్‌లో మీకు కనిపించే గుండ్రటి ఫీల్డు అడ్డం 18ని 40తో భాగిస్తే వచ్చేంత, అంటే 0.45 మిల్లీమీటర్లు, 450 మైక్రాన్లు. కణం ఆ అడ్డంలో తొమ్మిదో వంతు ఉంటే 50 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం మనిషిలో ఏడున్నర మైక్రాన్లు. మనిషి వెన్నుపాములో పెద్ద మోటార్ న్యూరాన్ కణదేహం 100 మైక్రాన్ల దాకా ఉండొచ్చు. దాని ఆక్సాన్ నడుము నుంచి కాలి దాకా మీటరు వరకూ సాగుతుంది. ఆ కణదేహాన్ని నిమ్మకాయంత చేసి ఊహించుకోండి. అదే లెక్కన ఆక్సాన్ చిటికెనవేలి కన్నా సన్నటి తాడై, 400 మీటర్ల దూరం పోతుంది. అంత దూరానికీ కావలసిన సరుకులో చాలా భాగం ఈ నీలం ముద్దల్లో తయారై మోసుకుపోవాల్సిందే. న్యూరాన్‌కి అన్ని రైబోజోములు ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. ఆక్సాన్ తెగితే, దాన్ని బాగుచేసుకునే పనిలో కణదేహం ఉబ్బి, కేంద్రకం ఒక పక్కకి జరిగి, ఈ ముద్దలు చెదిరి నీలం వెలిసిపోతుంది. దాన్నే క్రొమటోలైసిస్ అంటారు.

ఒక నాడీ పోగు విప్పి చూడండి

అదే మేక తొడ నుంచి సయాటిక్ నాడి, కండరాల మధ్య తెల్లగా మెరిసే తాడు, దొరికితే ఒక అంగుళం తెచ్చుకోండి. స్లైడు మీద సెలైన్ చుక్కలో చిన్న ముక్క పెట్టి, రెండు సూదులతో కొబ్బరి పీచు విడదీసినట్టు పోగులు పోగులుగా విప్పండి. రంగు వేయకుండానే కవర్‌స్లిప్ పెట్టి, కండెన్సర్ దించి, డయాఫ్రమ్ బాగా మూసి చూడండి. ఒక్కో పోగుకీ రెండు పక్కలా మెరిసే జంట గీతలు కనబడతాయి, అది మయలిన్. పోగు వెంట స్లైడు జరుపుతూ పొండి. ఒక చోట రెండు వైపుల నుంచీ నొక్కు పడి మెరుపు తెగుతుంది. అదే రాన్వియర్ కణుపు. చెరకు గడకి కణుపు ఉన్నట్టే, కాకపోతే ఇక్కడ కణుపు ఉబ్బి ఉండదు, నొక్కుకుపోయి ఉంటుంది.

పారిస్‌లో లూయీ రాన్వియర్ 1870ల్లో ఈ పనే చేశాడు, సూదులతో నాడులు విప్పి రంగులు వేసి. లావు పోగుల్లో కణుపుకీ కణుపుకీ మధ్య దూరం మిల్లీమీటరు దాకా ఉండొచ్చు, కణుపు మాత్రం ఒక మైక్రాన్ వెడల్పు. నాడీ ప్రచోదనం ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి దూకుతూ పోతుంది కాబట్టే లావుగా మయలిన్ పట్టిన పోగుల్లో సెకనుకి 100 మీటర్లు కూడా దాటుతుంది. మయలిన్ లేని సన్నటి పోగుల్లో అది సెకనుకి మీటరో రెండు మీటర్లో.

ఆస్మియం టెట్రాక్సైడ్ వేస్తే మయలిన్ నల్లగా కనిపించి కణుపులు ఇంకా స్పష్టంగా తెలుస్తాయి. కానీ దాని ఆవిరి కళ్లకి చాలా ప్రమాదం, ధర కూడా ఎక్కువ. ఫ్యూమ్ హుడ్ లేని చోట దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆస్మియం వేసిన రెడీమేడ్ స్లైడు ఒకటి కొని పెట్టుకోండి.

ఇక రెడీమేడ్ స్లైడులు: మొదటి ప్రశ్న రంగు గురించే

మీ డిపార్ట్‌మెంట్ పెట్టెలో ఉన్న స్లైడుల్లో ఎక్కువ భాగం హెమటాక్సిలిన్, ఇయోసిన్ వేసినవే. హెచ్ అండ్ ఇ. కేంద్రకాలు ఊదా, మిగతాదంతా గులాబీ. వీటిలో మయలిన్ కనబడదు. కోత కోయడానికి ప్యారాఫిన్ మైనంలో పెట్టే ముందు ఆల్కహాల్‌లో, జైలీన్‌లో ముంచుతారు, అక్కడే కొవ్వు కరిగిపోతుంది. అందుకే నాడి అడ్డుకోతలో ఒక్కో పోగూ ఖాళీ వలయంలా, మధ్యలో గులాబీ చుక్కతో ఉంటుంది. చుక్క ఆక్సాన్. ఖాళీ వలయం మయలిన్ ఉండిన చోటు. కొన్నిట్లో కరగక మిగిలిన ప్రోటీన్ బండిచక్రం ఆకుల్లా కనిపిస్తుంది. విద్యార్థులు ఆ ఖాళీని చూసి ఇక్కడేమీ లేదని రాసేస్తారు, మార్కులు అక్కడే పోతాయి.

మయలిన్ చూడాలంటే లక్సోల్ ఫాస్ట్ బ్లూ వేసిన స్లైడు, కొమ్మలన్నీ చూడాలంటే గాల్జీ స్లైడు, నిస్సల్ కణికలు చూడాలంటే మీరు చేసుకున్న స్మియర్.

గాల్జీ స్లైడు దొరికితే అది అదృష్టమే. ఇటలీలో అబియాతెగ్రాసో అనే ఊళ్లో ఆస్పత్రి వంటగదిని ల్యాబుగా మార్చుకున్న కమిల్లో గాల్జీ, 1873లో ఈ పద్ధతిని ప్రకటించాడు. కణజాలాన్ని ముందు పొటాషియం డైక్రోమేట్‌లో, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో నానబెడతారు. వందలో ఏ కొద్ది కణాలకో మాత్రమే నలుపు పడుతుంది, పడితే మాత్రం కొస కొమ్మ దాకా పడుతుంది. అన్నిటికీ పట్టి ఉంటే నల్లటి పొద తప్ప ఏమీ కనబడేది కాదు. స్పెయిన్‌లో సాంటియాగో రామోన్ ఇ కహాల్ 1887లో అలాంటి స్లైడు మొదటిసారి చూసి, పద్ధతిని మెరుగుపరిచి, ఇంకా మయలిన్ పట్టని పిల్ల జంతువుల కణజాలం తీసుకున్నాడు. ప్రతి నాడీకణం విడిగా ఉంటుందని, కొమ్మలు తాకుతున్నట్టున్నా కలిసిపోవని చెప్పాడు. గాల్జీ మాత్రం అంతా ఒకే వల అని నమ్మాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు, ఆ వేదిక మీదా ఇద్దరూ చెరో మాటే చెప్పారు. రెండు నాడీకణాలు కలిసే చోట, అంటే సైనాప్స్‌లో, మధ్యనున్న సందు కేవలం 20 నానోమీటర్లు. మన మైక్రోస్కోప్‌కి అది అందదు, 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాకే కహాల్ మాట కంటితో చూసినట్టు రుజువైంది.

కోతలో కేంద్రకం లేకపోతే?

రెడీమేడ్ కోత మందం 5 నుంచి 7 మైక్రాన్లు. 50 మైక్రాన్ల కణం ఏడు నుంచి పది కోతల్లో పంచుకుపోతుంది. ఆవకాయకి మామిడికాయ కొట్టినప్పుడు అంచు ముక్కలకి టెంక రాదు కదా, అలాగే అంచున తెగిన న్యూరాన్‌కి కేంద్రకం కనబడదు. దాన్ని వదిలేసి పక్క కణానికి పొండి. న్యూరాన్ చుట్టూ కనిపించే తెల్లటి ఖాళీ గీత కూడా నిజం కాదు, తయారీలో కణజాలం ముడుచుకోవడం వల్ల వచ్చింది. ఒళ్లంతా ముదురుగా ఎండిపోయినట్టు, కొమ్మలు వంకర్లు తిరిగిపోయిన న్యూరాన్లు గుంపుగా కనిపిస్తే జబ్బు అనుకోకండి, తాజా కణజాలాన్ని గట్టిగా నొక్కినా అలా అవుతాయి.

గాంగ్లియాన్లు రెండూ తేల్చుకోవడం

గాంగ్లియాన్ అంటే మెదడు, వెన్నుపాముల బయట ఉండే నాడీకణదేహాల గుంపు. స్పాటర్లలో, అంటే పరీక్షలో గుర్తుపట్టమని పెట్టే స్లైడుల్లో, ఎక్కువ తికమక ఇక్కడే. వెన్ను నాడి వెనక మూలంలో ఉండే గాంగ్లియాన్‌లో కణాలు పెద్దవి, గుండ్రనివి, కేంద్రకం నడిమధ్యన, పోగుల కట్టల మధ్య గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో కణం చుట్టూ శాటిలైట్ కణాల కేంద్రకాలు ముత్యాల హారంలా పూర్తి వలయం కడతాయి. సింపథెటిక్ గాంగ్లియాన్‌లో కణాలు చిన్నవి, విడివిడిగా చెదిరి ఉంటాయి, కేంద్రకం ఒక పక్కకి, హారం తెగి ఉంటుంది. నేను ముందు హారం చూస్తాను, తర్వాత కేంద్రకం ఉన్న చోటు. ఈ రెండూ కలిస్తే చాలు.

నాడి అడ్డుకోత, ష్వాన్ కణం

నాడి మొత్తం చుట్టూ ఎపిన్యూరియం అనే పొర, ఒక్కో కట్ట చుట్టూ పెరిన్యూరియం, ఒక్కో పోగు చుట్టూ ఎండోన్యూరియం. కట్ట చుట్టూ గట్టిగా బిగించినట్టున్న పెరిన్యూరియం చూసి నాడి అని చెప్పేయొచ్చు. నిలువు కోతలో పోగులు అలలు అలలుగా వంకర్లు పోతాయి, కండరాన్ని ఎముకకి కలిపే టెండన్‌తో పోల్చి చూడండి.

పోగుల మధ్య పొడుగాటి కేంద్రకాల్లో చాలావరకు మయలిన్ తొడుగు వేసే ష్వాన్ కణాలవి. ఈ కణం మన దేశంలో ప్రతి వైద్య విద్యార్థీ గుర్తుపెట్టుకోవాల్సినది, ఎందుకంటే కుష్ఠు బ్యాక్టీరియా చొరబడేది ముఖ్యంగా దీనిలోకే. మోచేతి వెనక నాడి తాడులా లావెక్కడం, చేతి మీద మచ్చలో స్పర్శ పోవడం, ఇవన్నీ ఈ సన్నటి కేంద్రకాల దగ్గర మొదలైన కథ. స్లైడులో ఆ కణాన్ని చూపించేటప్పుడు ఈ మాట చెప్పకుండా నేను ముందుకి పోను.

మెదడు స్లైడులు

అనుమస్తిష్కం, అంటే చిన్నమెదడు, గుర్తుపట్టడం తేలిక: ఆకులా చీలిన మడతలు, బయట లేత గులాబీ పొర, లోపల ఊదా చుక్కలు కిక్కిరిసిన పొర, రెండింటి హద్దులో ఒకే వరసలో కూజాల్లాంటి పర్కింజే కణాలు. మనిషి మెదడులో ఉన్న దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లలో సుమారు 6,900 కోట్లు ఈ చిన్న భాగంలోనే ఉన్నాయి, అవి చాలావరకు ఆ ఊదా చుక్కలే. పర్కింజే కణానికి పైకి విసనకర్రలా విచ్చుకున్న కొమ్మలుంటాయి, కానీ హెచ్ అండ్ ఇలో మొదలు మాత్రమే కనిపిస్తుంది. మస్తిష్కం ఆరు పొరలు హెచ్ అండ్ ఇలో లెక్కపెట్టాలని కూర్చోకండి. కొస పైకి ఉన్న పిరమిడ్ కణాలు పట్టుకోండి, చాలు.

గ్లియా కణాలకి ఈ రంగులో కేంద్రకాలే కనబడతాయి. చిన్నగా గుండ్రంగా ముదురుగా ఉంటే ఆలిగోడెండ్రోసైట్, కాస్త పెద్దగా లేతగా ఉంటే ఆస్ట్రోసైట్, పొడుగ్గా సన్నగా ఉంటే మైక్రోగ్లియా. వీటి మధ్య ఖాళీలా కనిపించే గులాబీ నేల ఖాళీ కాదు, డెండ్రైట్లు, ఆక్సాన్లు, గ్లియా కొమ్మలు అల్లుకుపోయిన న్యూరోపిల్.

రికార్డులో వేయడం

ఊదా, గులాబీ పెన్సిళ్లు తీసేముందు స్మియర్ బొమ్మ నీలం పెన్సిల్‌తో వేయండి. ఒక కన్ను ఐపీస్ మీద, రెండోది కాగితం మీద పెట్టే అలవాటు చేసుకోండి. మీ కణానికి మూడే కొమ్మలు కనిపిస్తే మూడే గీయండి. హిల్లాక్ కనబడకపోతే వేయకండి, మయలిన్ తొడుగు అసలే వేయకండి, టొలుయిడిన్ బ్లూలో అది మీకు కనిపించలేదు కదా. బొమ్మ కింద ఏ జంతువు, వెన్నుపాములో ఏ భాగం, ఏ రంగు, ఏ ఆబ్జెక్టివ్, కణం అడ్డం ఎన్ని మైక్రాన్లు అని ఒక లైను రాయండి. గ్లిజరిన్ స్లైడు ఎక్కువ కాలం నిలవదు, మంచి కణం దొరికితే దాన్ని మళ్లీ వెతుక్కోవడానికి మైక్రోస్కోప్ స్టేజీ మీది స్కేళ్ల అంకెలు రెండూ రాసిపెట్టుకుని, బొమ్మ భోజనానికి లేవకముందే పూర్తిచేయండి.